హౌస్‌వైఫ్ అంటే సూదుల సంచి

మూడేళ్ళ క్రితం ఆస్ట్రేలియా వీసా ఫారం నింపుతూ మా అబ్బాయి "వృత్తి" అన్న గడి దగ్గర ఆగాడు. "అమ్మా, హౌస్‌వైఫ్ అని రాయనా, హోమ్‌మేకర్ అని రాయనా? ఇప్పుడు హౌస్‌వైఫ్ అంటే బాగోదట" అన్నాడు. "ఏది రాసినా పొద్దున్న ఐదింటికి లేచేది నేనే కదరా, ఏదో ఒకటి రాయి" అన్నాను. వాడు హౌస్‌వైఫ్ అనే రాశాడు. చిన్నమాటే, అక్షరాలు తక్కువ, గడిలో పట్టేస్తుంది కదా అని.

ఆ మాట కొన్నాళ్ళకే నాకు ఒక అద్దాల పెట్టెలో కనిపిస్తుందని అప్పుడు తెలీదు.

మా చెల్లి కాన్‌బెర్రాలో ఉంటుంది. దాని రెండో కాన్పుకి అమ్మ వెళ్ళాలి గానీ, మోకాళ్ళ నొప్పులతో అంతసేపు విమానంలో కూర్చోలేనంది. అమ్మ బదులు నేను బయల్దేరాను. ఇంగువ, వాము, శొంఠి, నువ్వులు, కాయం పొడి సర్దుకుని వెళ్ళి, నెల రోజులు ఆ ఇంట్లో వంటిల్లు, పిల్లలు, బట్టలు తప్ప ఇంకేం చూడలేదు. చంటిదానికి నెల నిండాక ఒక శనివారం మా మరిది, "వదినగారూ, ఇంత దూరం వచ్చి ఇల్లు తప్ప ఏమీ చూడకుండా వెళ్తారా? పెద్దాడిని కూడా తీసుకుని అలా వెళ్ళొద్దాం రండి" అని నన్ను ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్‌కి తీసుకెళ్ళాడు.

పేరు మెమోరియల్ అయినా అది మ్యూజియం కూడా. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా సైన్యంతో పాటు వెళ్ళి అక్కడి విషయాలు రాసిన చార్లెస్ బీన్ అనే ఆయనకి 1916లో ఫ్రాన్సులోని పోజియేర్ యుద్ధం చూశాక వచ్చిన ఆలోచన అట. ఆ ఊరి దగ్గర కొద్ది వారాల్లోనే వేలమంది ఆస్ట్రేలియా కుర్రాళ్ళు పోయారు. వాళ్ళు వాడిన వస్తువులు, రాసిన డైరీలు పోకుండా దాచాలని ఆయన పట్టుబట్టాడు. 1917లో దానికోసం ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టారు. యుద్ధం జరుగుతుండగానే సైనికులు వస్తువులు ఏరి పంపించారు. భవనం మాత్రం 1941లో తెరిచారు. అప్పటికి ఇంకో ప్రపంచ యుద్ధం నడుస్తోంది.

తుపాకులు, ఫిరంగులు చూసి మా పెద్దాడు ఒకటే గంతులు. నాకు అవేం తలకెక్కలేదు. గబగబా నడుచుకుంటూ పోతున్నదాన్ని, సైనికుడి సామాన్లు పేర్చిన ఒక అద్దాల పెట్టె దగ్గర ఆగిపోయాను. రేజరు, దువ్వెన, చెంచా, వాటి పక్కన ఖాకీరంగు గుడ్డతో కుట్టిన చిన్న సంచి. సంచి అనకూడదేమో. పొడుగ్గా పరిచి, చుట్ట చుట్టి, నాడాతో కట్టుకునే రకం. విప్పి పెట్టారు. లోపల ఒక ఉన్నిగుడ్డ ముక్కకి గుచ్చిన సూదులు, అట్టముక్కకి చుట్టిన దారం, నాలుగైదు గుండీలు, మేజోళ్ళు రఫ్ఫు చేసుకునే ఉన్నిదారం, కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే తొడుగు. కింద చీటీ మీద దాని పేరు "హౌస్‌వైఫ్" అని రాసి ఉంది.

నేను తప్పు చదివాననుకున్నాను. మా మరిదిని పిలిచి అడిగాను. అతనూ చదివి, ఫోనులో వెతికి, "అవును వదినగారూ, దాని పేరే అదట" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

ఆ రాత్రి చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని ఆ మాట గురించి వెతుక్కున్నాను. బీఏలో తెలుగు చదివిన పాపానికి మాటలు ఎక్కడినుంచి వచ్చాయో చూసే జబ్బు నాకు ఇంకా పోలేదు. ఇంగ్లీషులో కుట్టుపని సంచిని హౌస్‌వైఫ్ అనడం రెండు వందల యాభై ఏళ్ళ పైబడిన అలవాటు. సైనికులు దాన్ని హజిఫ్ అని పలికేవాళ్ళు. అమెరికా అంతర్యుద్ధంలో పోరాడినవాళ్ళ దగ్గరా ఇవి ఉండేవి. తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్ళు ఇంట్లో ఉన్న గుడ్డముక్కలతో కుట్టి ఇచ్చి పంపేవాళ్ళు. తర్వాత బ్రిటిష్ సైన్యం, దాని పద్ధతే పాటించిన మిగతా సైన్యాలు ఇచ్చే సామానులో ఇదీ ఒకటయింది. చొక్కా, బూట్లు ఇచ్చినట్టే ఒక హౌస్‌వైఫ్‌ని కూడా ఇచ్చేవాళ్ళన్నమాట. ఇల్లాలు వెంట రాదు కాబట్టి ఆవిడ చేసే పనిని చుట్టచుట్టి సంచిలో పెట్టారు.

ఇంకో సంగతి కూడా తెలిసింది. ఇంగ్లీషులో హస్సీ అని ఒక తిట్టు ఉంది. సిగ్గూ ఎగ్గూ లేని ఆడది అని అర్థం. అది కూడా హౌస్‌వైఫ్ అన్న మాట అరిగి అరిగి వచ్చిందేనట. ఇంటి యజమానురాలు అన్న మాట చివరికి తిట్టయి కూర్చుంది. మనవైపు మాత్రం తక్కువ తిన్నామా? స్వామిని అన్న మాటనించే మనకి సాని వచ్చింది. దొరసాని అంటే గౌరవం. ఒట్టి సాని అంటే ఏమైపోయిందో మీకు తెలుసు. ఆడవాళ్ళ పేర్లు ఏ భాషలోనైనా కిందకే జారతాయి కాబోలు. ఈ ఒక్క హౌస్‌వైఫ్ మాత్రం సూదీ దారం పట్టుకుని సిపాయి జేబులో కూర్చుని పరువు నిలబెట్టుకుంది.

సూదీ దారం ఏం పెద్ద విషయం అనుకోకండి. ఆ యుద్ధంలో కందకాల్లో మోకాళ్ళ లోతు నీళ్ళలో రోజుల తరబడి నిలబడేవాళ్ళు. తడి మేజోళ్ళతో, తడి బూట్లతో ఉంటే పాదాలు వాచి, మొద్దుబారి, కుళ్ళిపోయేవి. దానికి ట్రెంచ్ ఫుట్ అని పేరు పెట్టారు. కొందరికి వేళ్ళు, పాదాలు తీసేయాల్సి వచ్చింది. పొడి మేజోళ్ళు మార్చుకోవడం, పాదాలకి నూనె రాసుకోవడం, అంతకు మించి మందు లేదు. అందుకే ఆస్ట్రేలియా ఆడవాళ్ళు ఇళ్ళల్లో, రైళ్ళల్లో, ఎక్కడ కూర్చుంటే అక్కడ మేజోళ్ళు అల్లారు. ఆ యుద్ధంలో వాళ్ళు అల్లి పంపినవి 13 లక్షల జతలకు పైమాటే. అంత దూరం నుంచి వచ్చిన మేజోడుకి చిల్లు పడితే సిపాయే రఫ్ఫు చేసుకోవాలి. రఫ్ఫు ముద్దగా వస్తే నడిచేటప్పుడు ఒత్తుకుని పాదం బొబ్బలెక్కుతుంది. ఇంట్లో అమ్మ కుడుతుంటే ఎప్పుడూ తలెత్తి చూడని పిల్లలు అక్కడ సూదిలో దారం ఎక్కించడం నేర్చుకున్నారు.

ఇప్పుడు నాకు నవ్వెందుకు రాలేదో చెప్తాను.

మా నాన్న సైన్యంలో చేశారు. మాది తాడేపల్లిగూడెం పక్క పల్లెటూరు. మా వైపు మాధవరం అని ఒక ఊరుంది. ఇంటికొకరు సైన్యంలో ఉంటారని దాన్ని మిలిటరీ మాధవరం అంటారు. ఆ గాలి చుట్టుపక్కల ఊళ్ళకీ తగిలింది. నాన్న సైన్యంలో లారీ డ్రైవరుగా చేరారు. సెలవుల్లో వచ్చినప్పుడల్లా మా స్కూలు యూనిఫారాలకి ఊడిన గుండీలు ఆయనే కుట్టేవారు. అరుగు మీద కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, దారం పంటితో కొరికి. దారిన పోయేవాళ్ళు "ఏంటండీ, మిలిటరీలో ఇదా నేర్పింది? ఇంట్లో ఆడవాళ్ళు లేరా?" అని ఎగతాళి చేసేవారు. నాన్న తలెత్తకుండా "అక్కడ మా ఆవిడ రాలేదండి" అనేవారు.

ఆయన సూదులూ దారాలూ ఒక గుడ్డసంచిలో ఉండేవి. మొదట్లో సైన్యం వాళ్ళిచ్చిన పచ్చటిదేదో ఉండేది. అది చిరిగిపోతే 1988లో ఆయన శ్రీలంక వెళ్ళేముందు అమ్మ తన చీరముక్కతో అలాంటిదే కొత్తది కుట్టి ఇచ్చింది. నీలం మీద తెల్ల చుక్కల వాయిలు చీర. లోపల ఊలు గుడ్డ ముక్క, దానికి నాలుగు సూదులు, తెల్లదారం ఒకటి, పచ్చదారం ఒకటి, ఆరు గుండీలు, రెండు పిన్నీసులు. అమ్మ లెక్కపెట్టి సర్దడం నేను పక్కన కూర్చుని చూశాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

మన శాంతిసేన శ్రీలంక వెళ్ళిన సంగతి ఇప్పటి పిల్లలకి తెలీదు. 1987 జూలైలో ఒప్పందం అయ్యాక వెళ్ళారు. 1990 మార్చికల్లా తిరిగొచ్చేశారు. శాంతి కోసం అని వెళ్ళినవాళ్ళు యుద్ధంలో ఇరుక్కుపోయారు. పదకొండు వందలమందికి పైగా మన జవాన్లు అక్కడే ప్రాణాలు వదిలారు. రోడ్ల కింద మందుపాతరలు పెట్టేవాళ్ళు. నాన్న పని ఆ రోడ్ల మీద లారీ నడపడం. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాకు తెలిసింది ఒక్కటే, పోస్టుమేన్ మా గుమ్మం దాటి వెళ్ళిపోతే ఆ రోజు అమ్మ అన్నం తినదని.

నాన్న తిరిగొచ్చారు. ఆ సంచీ తిరిగొచ్చింది. నీలం వెలిసి బూడిదరంగు అయింది. అక్కడి సంగతులు ఎంత అడిగినా ఆయన చెప్పలేదు. ఒక్కసారి మాత్రం, నేను పెళ్ళయ్యాక పుట్టింటికి వచ్చినప్పుడు, మా అబ్బాయి లాగుకి గుండీ కుడుతూ తనలో తను అనుకున్నట్టుగా అన్నారు. "కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి కుట్టడం రాదమ్మా. నా దగ్గరికే తెచ్చేవారు. ఒకడు చొక్కా ఇచ్చి మళ్ళీ తీసుకోడానికి రాలేదు." అంతే. దారం కొరికి ముడి వేసేశారు.

ఆయన పోయాక దినాలన్నీ అయి, అమ్మని నా దగ్గరికి తెచ్చుకునే ముందు ఆ ఇల్లు ఖాళీ చేశాం. నల్ల రేకుపెట్టె, మూత మీద తెల్లరంగుతో ఆయన పేరు, నంబరు. మెడల్స్ తీసి పట్టుగుడ్డలో చుట్టాను. డిశ్చార్జి పుస్తకం దాచాను. ఫోటోలు దాచాను. పాత స్వెటర్లు, చిరిగిన లుంగీలు, దుప్పట్లు, వాటిలో కలిసిపోయి ఆ వెలిసిన సంచి. నేను దాన్ని చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. చేత్తో పట్టుకున్నాను కూడా. సూదులు తుప్పు పట్టి ఉన్నాయి. "ఇదెందుకులే, ఎవరికైనా గుచ్చుకుంటుంది" అనుకుని మూటలో పడేశాను. పాతబట్టలకి స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె వస్తే మూట మొత్తం ఇచ్చి ఒక బేసిన్ తీసుకున్నాను. బేరం కూడా ఆడాను, చిన్నది కాదు పెద్దది ఇమ్మని.

ఆ బేసిన్‌లోనే రోజూ బియ్యం కడుగుతున్నాను.

ఇప్పుడర్థమైందా, ఆ అద్దాల పెట్టె ముందు నాకెలా అనిపించిందో? ఎవరో ఊరూ పేరూ తెలియని తల్లి కొడుకు వాడుకున్న సూదుల సంచిని వాళ్ళు వందేళ్ళుగా చెదలు పట్టకుండా, రంగు వెలవకుండా, లైటు కూడా మసగ్గా పెట్టి దాచుకున్నారు. మా నాన్నది నేను ఒక బేసిన్‌కి ఇచ్చేశాను. ప్రభుత్వం ఇచ్చిన మెడల్స్ దాచాను, అమ్మ ఇచ్చింది పడేశాను. మెడల్స్ ఎంతోమందికి అచ్చు అలాంటివే ఇచ్చి ఉంటారు. అమ్మ కుట్టినది లోకంలో అదొక్కటే.

పైకొచ్చి బయట వరండాలో నిలబడ్డాం. అక్కడ గోడల పొడుగునా కంచు పలకల మీద యుద్ధాల్లో పోయినవాళ్ళ పేర్లున్నాయి. లక్షకు పైగా. అందులో అరవై వేల పైచిలుకు ఒక్క మొదటి యుద్ధంలోవే. అప్పటికి ఆ దేశ జనాభా యాభై లక్షలైనా లేదు. పేరు పక్కన హోదా రాయలేదు. జనరల్ అయినా మామూలు సిపాయి అయినా ఒట్టి పేరే. వచ్చినవాళ్ళు తమవాళ్ళ పేరు పక్కన సందులో ఎర్రటి పాపీ పువ్వు గుచ్చి వెళ్తారు. మా పెద్దాడు "పెద్దమ్మా, తాతయ్య పేరు ఎక్కడుంది?" అని అడిగాడు. "తాతయ్య ఇంటికొచ్చేశాడు నాన్నా, అందుకే లేదు" అన్నాను. అన్నాక నాకే అనిపించింది, ఎంత అదృష్టవంతులం మేము అని.

ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం, భోంచేసి నడుం వాల్చింది. సంగతంతా చెప్పి, "నాన్న సూదుల సంచి నేనే పాతబట్టల్లో వేసేశానమ్మా" అని ఏడ్చేశాను. నాలుగేళ్ళ తర్వాత ఆ మాట ఒప్పుకోవడం అదే మొదటిసారి.

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, "నాకు తెలుసే. నువ్వు మూటలో పెడుతుంటే చూశాను."

"మరి ఆపలేదేం?"

"ఎందుకాపాలి? దాన్ని కుట్టిన రాత్రి నాకింకా గుర్తే. ఒక్కో గుండీ లోపల వేస్తూ, ఇది ఆయన చొక్కాకి పడుతుందా, ఆయన లేని చొక్కాకి పడుతుందా అనుకున్నాను. ఆయన వచ్చేశాక కూడా ఆ సంచి కనిపిస్తే నాకు ఒళ్ళు జలదరించేది. ఆయనకి అదంటే ఇష్టం, నేనేం అనలేదు. ఆయనే పోయాక ఇంక దాన్నెందుకు? పోతే పోనీ అనుకున్నాను. నువ్వు దానికోసం ఏడవకు. చంటిది పాలు తాగుతోందా?"

ఇంక నా నోట మాట రాలేదు. ఇన్నేళ్ళూ ఆ సంచిని నేను నాన్నదిగానే చూశాను. మ్యూజియంలో చూసినప్పుడు కూడా సిపాయిని గురించే ఆలోచించాను, ఆ సిపాయి ఎలా కుట్టుకున్నాడో అని. కుట్టిన మనిషికి అది ఏమిటో ఆలోచించలేదు. నాకు జ్ఞాపకం అయింది అమ్మకి భయం. వస్తువు దాచుకోవడం ప్రేమ అయితే, కొన్నిసార్లు పోనివ్వడం కూడా ఊపిరి తీసుకోవడమే కాబోలు. ఆ అద్దాల పెట్టెలో ఉన్న హౌస్‌వైఫ్ వెనక కూడా ఎవరో ఒక ఇల్లాలు ఇలాగే లెక్కపెట్టి గుండీలు వేసి ఉంటుందేమో. ఆవిడ ఏమనుకుందో చీటీ మీద రాయలేదు.

అలాగని నా తప్పు పోయిందనుకోను. అమ్మ వద్దనుకోవడం వేరు, నేను అడక్కుండా పడేయడం వేరు. అడిగితే అమ్మ ఆ మాట నాలుగేళ్ళ ముందే చెప్పేది. దాచినా పడేసినా ఇద్దరం కలిసి చేసేవాళ్ళం.

పోయిన ఏడాది మా అబ్బాయి ఇంజినీరింగ్ హాస్టల్‌కి వెళ్ళాడు. నా పాత చీరల్లో ఒక గులాబీరంగు నూలుచీర ముక్క తీసి సంచి కుట్టాను. సూదులు నాలుగు, దారాలు రెండు, గుండీలు ఆరు, పిన్నీసులు రెండు. సర్దుతుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. చూస్తుందో లేదో అనుకున్నాను. కాసేపు చూసి, "ఊలుగుడ్డకి మధ్యలో కుట్టు వెయ్యి, సూదులు జారిపోతాయి" అంది. వేశాను.

"ఇదేంటమ్మా?" అన్నాడు మావాడు.

"హౌస్‌వైఫ్" అన్నాను.

"నిన్ను తీసుకెళ్తున్నానన్నమాట" అని నవ్వి బ్యాగులో పడేసుకున్నాడు. "గుండీ ఊడితే ఇంకో చొక్కా ఆర్డర్ పెట్టుకుంటా గానీ కుట్టుకుంటానేంటి" అని కూడా అన్నాడు. కుట్టుకోవడం నేర్పడానికి రెండు సాయంత్రాలు కూర్చోబెట్టాను. వాడి కుట్టు ఇప్పటికీ వంకరే. సంక్రాంతికి వచ్చినప్పుడు బట్టలు ఉతకడానికి తీస్తే ఒక చొక్కాకి నల్లదారంతో కుట్టిన తెల్లగుండీ కనిపించింది. విప్పి మళ్ళీ కుడదామనుకుని, వదిలేశాను.

మీ ఇళ్ళల్లో కూడా పెద్దవాళ్ళ పెట్టెలు ఉంటాయి. సైన్యంలోనే పనిచేయక్కర్లేదు, ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు దేనికోసమో పోరాడినవాళ్ళే. అన్నీ దాచమని చెప్పను, మన ఇళ్ళు మ్యూజియాలు కావు, పైన అటకల మీద చోటూ ఉండదు. పడేసే ముందు మాత్రం పక్కన ఉన్న పెద్దావిడని ఒక్కమాట అడగండి, "ఇది ఎవరు కుట్టారు?" అని.